వృద్ధులతో క్లినికల్ సైకాలజిస్ట్ పని: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో చాలావరకు అమ్మానాన్నలను వెంటబెట్టుకొచ్చే కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు అడిగేవి. కొన్ని ఆ పెద్దవాళ్లే, పిల్లలు బయటికెళ్లాక గొంతు తగ్గించి అడిగినవి. ఒకటి రెండు ఈ పనిలోకి రావాలనుకునే విద్యార్థులవి. నేను బెంగళూరులో అరవై దాటినవాళ్లతో పనిచేసే సీనియర్ క్లినికల్ సైకాలజిస్ట్‌ని. ఉదాహరణల్లోని మనుషులు ఏ ఒక్కరూ కారు. పలువురిని కలిపి, గుర్తుపట్టే వీలు లేకుండా మార్చి రాశాను.

క్లినికల్ సైకాలజిస్ట్ అంటే సైకియాట్రిస్టేనా? మందులు రాస్తారా?

కాదు, రాయం. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. మేం సైకాలజీ చదివి, ఆసుపత్రిలో శిక్షణ పొంది, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ)లో పేరు నమోదు చేయించుకున్నవాళ్లం. జ్ఞాపకశక్తిని, మనోస్థితిని పరీక్షించడం, మాటలతో చేసే చికిత్స, కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడటం మా పని. పెద్దవాళ్ల విషయంలో ఒక్కరితో పని జరగదు. ఫిజీషియన్, సైకియాట్రిస్ట్, ఒక్కోసారి న్యూరాలజిస్ట్ కూడా కావాలి.

బోర్డు మీద సైకాలజిస్ట్ అని రాసుకున్నవాళ్లందరూ క్లినికల్ సైకాలజిస్టులు కారు. ఆర్‌సీఐ నంబరు అడగండి. అడిగినందుకు చిన్నబుచ్చుకునేవాళ్ల దగ్గరికి రెండోసారి వెళ్లక్కర్లేదు.

పేరు ముందు "సీనియర్" ఎందుకు?

"సీనియర్ సిటిజన్లను చూస్తారు కాబట్టా?" అని ఒక పెద్దాయన అడిగారు. కాదండీ, అనుభవాన్ని బట్టి ఇచ్చే హోదా అంతే. పని మాత్రం మారుతుంది. జూనియర్‌గా ఉన్నప్పుడు పొద్దస్తమానం పరీక్షలు, సెషన్లే. ఇప్పుడు సగం పూట జూనియర్లు రాసిన రిపోర్టులు చదవడానికే పోతుంది. మార్కులు తక్కువ వచ్చాయని రాసుకొస్తారు. "ఆవిడ కళ్లజోడు పెట్టుకుందా? చెవి మిషన్‌లో బ్యాటరీ ఉందా? రాత్రి నిద్రపోయిందా?" అని అడుగుతాను. ఈ మూడింటికీ జవాబు లేకపోతే ఆ మార్కులకు విలువ లేదు, మళ్లీ చేయాల్సిందే. మిగతా సగం పూట ఎవరికీ తేలని కేసులకు, కోర్టుకు వెళ్లే రిపోర్టులకు, అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఫ్యామిలీ మీటింగులకు.

మా నాన్నకు మతిమరుపు వచ్చింది. వయసు వల్లే కదా?

ఈ పేజీలో ఒక్క జవాబు చదివే తీరికే ఉంటే ఇది చదవండి.

వయసుతో పాటు మెదడు కాస్త నెమ్మదిస్తుంది. తెలిసిన మనిషి పేరు నోటి చివర ఆగిపోయి, అరగంట తర్వాత స్నానం చేస్తుంటే గుర్తొస్తుంది. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతారు. వీటికి కంగారు అక్కర్లేదు. కానీ ఏళ్లుగా వెళ్తున్న పాల బూత్ నుంచి ఇంటికి దారి తెలియకపోయినా, పెన్షన్ లెక్క పైసాతో సహా చెప్పే మనిషి చిల్లర దగ్గర తికమకపడినా, పొద్దున తిన్న టిఫిన్ మరచిపోయి "నాకింకా ఏమీ పెట్టలేదు" అని పక్క ఫ్లాట్‌లో చెప్పినా, దాన్ని వయసు ఖాతాలో రాసేయకూడదు.

అలాగని వెంటనే డిమెన్షియా, అంటే మెదడు దెబ్బతిని జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు, అని పేరూ పెట్టకూడదు. ముందు రక్తపరీక్షలు. బి12 తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, కొన్ని బీపీ మాత్రల వల్ల సోడియం పడిపోయినా మనిషి మందగిస్తాడు. మన శాకాహార ఇళ్లలోనూ, ఏళ్ల తరబడి షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలోనూ బి12 లోపం తరచుగా కనబడుతుంది. నిద్రకు, అలర్జీకి, మూత్రం ఆగకపోవడానికి వేసుకునే మాత్రల్లో కొన్ని జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తాయి. చెవి సంగతి చాలామంది మరచిపోతారు. అసలు వినబడని మాట గుర్తెలా ఉంటుంది? "ఎన్నిసార్లు చెప్పినా మరచిపోతున్నాడు" అని కొడుకు అంటాడు. చెవి పరీక్ష చేయిస్తే ఆ చెప్పిన మాటల్లో సగం ఆయన్ని చేరనే లేదని తేలుతుంది.

లాసీ-డాడ్ అనే అధ్యయనం 2023లో ప్రచురించిన అంచనా ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. అది చిన్న సంఖ్యేం కాదు. అయితే అదే లెక్క తిప్పి చదివితే వందలో 92 మందికి పైగా ఆ జబ్బు లేదు. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ ఇంకో మాట చెప్పింది. వినికిడి లోపం, బీపీ, షుగర్, చూపు మందగించడం, ఒంటరితనం లాంటి 14 అంశాలను జీవితకాలమంతా సరిగ్గా చూసుకోగలిగితే ప్రపంచంలోని డిమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా రాకుండా ఆపడమో, వాయిదా వేయడమో వీలవుతుందని. తలరాత అని వదిలేయడానికి అది చాలా పెద్ద శాతం.

ఒక్క హెచ్చరిక. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లో పొంతన లేకుండా మాట్లాడినా, లేని మనుషులు కనబడుతున్నారన్నా, పగలంతా మగతగా పడి ఉన్నా అది డెలీరియం కావచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం లాంటివి దాని వెనక ఉంటాయి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు.

డిప్రెషనా, డిమెన్షియానా ఎలా తేలుస్తారు?

కష్టమైన ప్రశ్న. రెండూ కలిసి వచ్చేవాళ్లూ ఉంటారు.

పెద్దవాళ్లలో డిప్రెషన్ ఏడుపుతో రావడం తక్కువ. "ఒళ్లంతా మంటలు", "కాళ్లు లాగుతున్నాయి", "అన్నం సయించడం లేదు", "గుండెలో దడ" అంటూ వస్తుంది. గుండె డాక్టర్, గ్యాస్ డాక్టర్, నరాల డాక్టర్ అయ్యాక, స్కానింగుల ఫైలు లావెక్కాక మా దగ్గరికి పంపుతారు. ఇక్కడ ఇంకో చిక్కుంది. కీళ్లనొప్పులు, నిద్ర తక్కువవడం ఆ వయసులో మామూలు జబ్బులతోనూ వస్తాయి. అందుకే 1980ల్లో వృద్ధుల కోసమే తయారుచేసిన జీడీఎస్ ప్రశ్నావళిలో ఒంటి బాధల ప్రశ్నలు పెట్టలేదు. "మీ జీవితం ఖాళీగా ఉందనిపిస్తోందా", "చేసే పనుల మీద ఆసక్తి పోయిందా" లాంటివే ఉంటాయి. పొట్టి రూపంలో 15 ప్రశ్నలు, అవును కాదు అంటే చాలు.

పరీక్షలో జవాబిచ్చే తీరూ కొంత చెబుతుంది. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు ప్రశ్న పూర్తికాకముందే "నాకేం తెలీదు, నన్నొదిలేయండి" అంటారు, కాస్త ఊతమిస్తే జవాబు చెబుతారు. డిమెన్షియా మొదలైనవాళ్లు చాలాసార్లు ఉత్సాహంగానే జవాబిస్తారు, కానీ తప్పు చెబుతారు. "ఏమోనమ్మా, ఈమధ్య పేపర్ చదవడం లేదు" అని నవ్వి తప్పించుకుంటారు. తన మతిమరుపు గురించి తనే బాధపడుతూ వచ్చేవాళ్లకంటే, "నాకేం లేదు, మావాళ్లదే హడావిడి" అనే మనిషిని భార్య చేయిపట్టుకుని తీసుకొచ్చినప్పుడు నేను ఎక్కువ జాగ్రత్తగా చూస్తాను. అయితే ఇదేం కచ్చితమైన గీటురాయి కాదు. అరవై దాటాక మొట్టమొదటిసారి వచ్చిన డిప్రెషన్ కొందరిలో డిమెన్షియాకు తొలి సూచన కూడా. అందుకే డిప్రెషన్‌కు చికిత్స చేసి, కొన్ని నెలల తర్వాత జ్ఞాపకశక్తి మళ్లీ పరీక్షిస్తాం.

మా అమ్మకు చదువు రాదు. ఆ పరీక్షలు ఎలా చేస్తారు?

చదువుకున్నవాళ్ల కోసం విదేశాల్లో తయారైన పరీక్షను ఎప్పుడూ పలక పట్టని మనిషికి పెడితే ఆవిడ ఫెయిలవడం ఖాయం. గడియారం బొమ్మ గీయమని పెన్ను ఇస్తే ఆ పెన్ను పట్టుకోవడమే ఆవిడకు పరీక్ష. కాబట్టి వంద లోంచి ఏడు తీసేయమనే బదులు "మూడు కొబ్బరికాయలు కొన్నావు, వంద ఇచ్చావు, ఎంత రావాలి?" అని అడుగుతాం. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమంటాం. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళం భాషల్లో తయారైన న్యూరోకాగ్నిటివ్ టూల్‌బాక్స్, అంటే జ్ఞాపకశక్తిని, ఆలోచనను కొలిచే పరీక్షల కట్ట, ఉంది. అలాంటిదే ఇంకొకటైన ఏసీఈ-3 పరీక్షకూ తెలుగు రూపం ఉంది. బెంగళూరులో ఎక్కడికి వెళ్లినా "తెలుగులో పరీక్ష చేసేవాళ్లున్నారా?" అని ముందే అడగండి. ఇంట్లో తెలుగే మాట్లాడే మనిషికి కన్నడలోనో, ఇంగ్లిష్‌లోనో పెట్టిన పరీక్షను నేను లెక్కలోకి తీసుకోను.

తేదీ అడిగితే "ఈరోజు ఏకాదశి కదా, నేను ఒక్కపొద్దు" అంటారు. అది సరైన జవాబే. అపార్ట్‌మెంట్ పేరు అడిగితే నోరు తిరగని ఇంగ్లిష్ పేరు చెప్పలేక తెల్లమొహం వేస్తారు. పోయిన వారం ఊరి నుంచి వచ్చిన మనిషికి ఆ పేరు గుర్తుండకపోతే జబ్బేం కాదు. చిక్‌పేట, బళేపేట వైపు తరతరాలుగా ఉన్న తెలుగువాళ్లైతే సగం వాక్యం తెలుగులో, సగం కన్నడలో చెబుతారు. వాళ్లకు రెండింటిలోనూ మార్కులు వేయాలి.

పరీక్ష జరిగేటప్పుడు పిల్లలను బయట కూర్చోమంటాను. ఉంటే పక్క నుంచి అందిస్తారు, లేదా "అదేంటమ్మా, నిన్నే చెప్పానుగా" అంటారు. ఆ మాట పడ్డాక ఆవిడ తర్వాతి ప్రశ్నలకు నోరు విప్పదు.

రెండు మూడు భాషలు మాట్లాడేవాళ్లకు డిమెన్షియా రాదంటారు. నిజమా?

రాకుండా ఉండదు, ఆలస్యంగా రావచ్చు. దీని మీద పేరున్న అధ్యయనం మన హైదరాబాద్ నిమ్స్‌లోనే జరిగింది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్లకంటే రెండో భాష కూడా వచ్చినవాళ్లలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. డిమెన్షియా వచ్చాక కొత్త భాష నేర్పిస్తే నయమవుతుందని మాత్రం దీనికి అర్థం కాదు.

ఈ వయసులో మాట్లాడితే తగ్గుతుందా?

మాటల చికిత్సకు బాట వేసిన ఫ్రాయిడ్ కూడా 1904లో మీలాగే అనుమానపడ్డాడు. యాభై దగ్గరపడినవాళ్ల మనసు సాగదని, వాళ్లకు ఈ చికిత్స పనికిరాదని అన్నాడు. అప్పటికి ఆయనకు 48. ఆ తర్వాత మూడు దశాబ్దాలు తన సిద్ధాంతాలను తనే మార్చుకుంటూ రాశాడు.

తగ్గుతుంది. కాకపోతే పద్ధతి మార్చాలి. నెమ్మదిగా మాట్లాడాలి, ఒక సెషన్‌లో ఒకే విషయం. ఇంటి దగ్గర చేయాల్సింది పెద్ద అక్షరాలతో తెలుగులో రాసివ్వాలి. చదవలేనివాళ్లకు ఫోన్‌లో రికార్డు చేసివ్వాలి.

ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరైన ఒకాయన, భార్య పోయాక ఇంట్లోంచి కదలడం మానేశారు. చేసే పనులు ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టించడం అనే పద్ధతి మొదలుపెడితే ఆయన నన్నే నిలదీశారు: "గుడికి పో, భజనకు పో అని చెప్పడానికి ఇంత చదువెందుకమ్మా? మా వీధిలో అందరూ చెప్తున్నారు." న్యాయమైన మాటే. గుడికి వెళ్లాలని ఆయనకూ తెలుసు. వెళ్లనివ్వకుండా ఆపుతున్నదేమిటో పట్టుకోవడమే మా పని. తీరా చూస్తే, జంటగా వెళ్లిన చోటికి ఒంటరిగా వెళ్తే అందరూ జాలిగా చూస్తారని భయం. నిజంగానే ఎంతమంది జాలిగా చూస్తారు, చూస్తే ఏం చేయాలి, ఏ వేళ జనం తక్కువ ఉంటారు, ఎవరి పక్కన కూర్చుంటే నయం, ఇవన్నీ కూర్చుని లెక్కేశాం. ముందు మంగళవారం మధ్యాహ్నం ఖాళీ గుడికి, ఆ తర్వాత శనివారం భజనకు. ఇందులో మాయేం లేదు, ఓపిక కావాలి.

తీవ్రంగా ఉంటే మందులూ కావాలి. మాటలా మందులా అని పంతం పట్టేవాళ్లతో నాకు పేచీ.

ఊరి నుంచి బెంగళూరు తెచ్చుకున్నాక అమ్మ మాట్లాడటమే తగ్గించేసింది. ఇక్కడ ఏ లోటూ లేదు. ఎందుకిలా?

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, కేఆర్ పురం వైపు నుంచి వారం వారం వచ్చే ప్రశ్న ఇది. "ఏ పనీ చెప్పకుండా కూర్చోబెట్టి చూసుకుంటున్నాం" అని కొడుకు గర్వంగా చెబుతాడు. చిక్కంతా అక్కడే ఉంది.

అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ రోజు చూడండి. ఫ్లాట్ పదకొండో అంతస్తు. పొద్దున తొమ్మిదికి కొడుకు, కోడలు ల్యాప్‌టాప్‌లు తెరుస్తారు, మనవలు స్కూల్ బస్సెక్కుతారు. వంటామె, పనామె హిందీలో మాట్లాడుకుంటారు. ఇండక్షన్ స్టవ్ ముట్టుకుంటే కీచుమంటుంది, అందుకని టీ కూడా తానుగా పెట్టుకోదు. టీవీకి రెండు రిమోట్లు, ఏది నొక్కితే ఏమవుతుందోనని భయం. లిఫ్ట్‌లో ఒకసారి వేరే అంతస్తులో దిగి అన్నీ ఒకేలా ఉన్న తలుపుల మధ్య నిలబడిపోయింది. ఆ తర్వాత ఒంటరిగా కిందికి దిగలేదు. మనవడు సాయంత్రం ఇంగ్లిష్‌లో ఏదో చెప్పి గదిలోకి పోతాడు. ఊళ్లో పదిమందికి సలహా చెప్పిన మనిషి, ఇక్కడ రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. దానికి "వయసు కదా, తగ్గిపోయింది" అని ఇంట్లోవాళ్ల తీర్మానం.

మేం చేసినవి చాలా చిన్నవి. రిమోట్ మీద మూడు బటన్లకు రంగు స్టిక్కర్లు అంటించి, మిగతావాటికి టేపు వేయించాం. ఇంటి తలుపుకు ఊరి గుమ్మానికి కట్టినట్టే తోరణం కట్టించాం, దూరం నుంచే తెలిసేలా. ఆకుకూర ఒలవడం, ఊరి నుంచి వచ్చిన కందిబేడలు చెరగడం ఆవిడకే అప్పగించమన్నాం, వంటామె తొందరపడి చేసేయకుండా. వారానికింత అని చేతి ఖర్చుకు డబ్బు, లెక్క అడగకూడదన్న షరతుతో. సాయంత్రం కింద బెంచీ దగ్గర కూర్చునే తెలుగు ఆడవాళ్లు మూడో బ్లాకులో ఉన్నారని కనుక్కున్నది కోడలే.

ఇంకో తిక్క సంగతి. కర్ణాటకలో 2023 జూన్‌లో మొదలైన శక్తి పథకం కింద ఆడవాళ్లకు సర్కారు బస్సు ఉచితం, కానీ కర్ణాటక చిరునామా ఉండాలి. ఆంధ్రా ఆధార్ ఉన్న అవ్వ టికెట్ కొనాలి. డబ్బు పెద్ద విషయం కాదు. బస్సులో అందరూ ఊరికే ఎక్కుతుంటే తనొక్కతే చిల్లర తీయడం ఆవిడకు చిన్నతనంగా ఉంది. ఇలాంటివి ఏ ప్రశ్నావళిలోనూ దొరకవు.

కొందరికి ఎంత చేసినా ఇక్కడ పొసగదు. ఒంట్లో ఓపికుండి, ఊళ్లో చూసే మనిషి ఉంటే అక్కడే ఉండనివ్వండి. తల్లిని ఊళ్లో వదిలేశాడని చుట్టాలు అంటారన్న భయంతో తెచ్చుకునే కొడుకులను చూస్తుంటాను. ఆరు నెలలు ఈ కొడుకు దగ్గర, ఆరు నెలలు ఆ కొడుకు దగ్గర అనే ఏర్పాటు నాకు అసలు నచ్చదు, మతిమరుపు మొదలైనవాళ్ల విషయంలో మరీను. బాత్‌రూమ్ ఎటుందో గుర్తుపట్టేలోపే మళ్లీ పెట్టె సర్దాలి.

నాన్నగారు పోయి ఏడాది కావస్తోంది. అమ్మ ఇంకా కోలుకోలేదు. ఇది జబ్బా?

యాభై ఏళ్ల కాపురం. మనవాళ్లు సంవత్సరీకం దాకా సమయం ఇచ్చారు, అది తెలివైన ఏర్పాటే. మొదటి నెలల్లో ఏడుస్తోందని నిద్రమత్తు మందులు వేయించకండి. ఆయన గొంతు వినిపించినట్టు, పక్కన కూర్చున్నట్టు అనిపించడం కూడా ఆ రోజుల్లో మామూలే, పిచ్చేం కాదు. దుఃఖం ఏమాత్రం సడలకుండా, రోజువారీ పనులను ఆపేసేంతగా సాగితే దానికి ప్రలాంగ్‌డ్ గ్రీఫ్ అని పేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 ప్రకారం కనీసం ఆరు నెలలు, అమెరికన్ల మానసిక జబ్బుల జాబితా డీఎస్ఎం ప్రకారం ఏడాది దాటాలి, అదీ వాళ్ల ఆచార వ్యవహారాలకు మించి ఉంటేనే. బరువు తగ్గిపోతున్నా, బీపీ మాత్రలు మానేసినా, "నేనూ ఆయనతోనే పోవాల్సింది" అని పదేపదే అంటున్నా నెలలు లెక్కపెట్టకుండా తీసుకురండి.

రాత్రి నిద్రమాత్ర లేకపోతే నిద్రపట్టదంటారు. మానిపించవచ్చా?

మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, ముఖ్యంగా ఆల్‌ప్రజోలామ్ లాంటివి. రాసిన డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా తగ్గించాలి. ఈ మాత్రల మత్తులో రాత్రి బాత్‌రూమ్‌కు లేచి పడి తుంటి విరిగినవాళ్లు తక్కువేం కాదు. మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని, రాత్రి ఎనిమిదికే పక్కెక్కితే మూడింటికి మెలకువ రాక మానదు. నిద్ర కోసం ప్రత్యేకంగా ఉన్న మాటల చికిత్స పెద్దవాళ్లలోనూ పనిచేస్తుంది.

"నేను చెప్పింది మా అబ్బాయికి చెప్పేస్తారా?"

పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. చెప్పను. ఫీజు అబ్బాయే కట్టినా సరే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంట్లో ఎవరు పెద్ద అనే దాన్ని బట్టి గోప్యత ఇవ్వలేదు, చికిత్స పొందే మనిషికి ఇచ్చింది. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం అవసరమైనంత వరకు చెప్పాల్సి వస్తుంది, అది కూడా మీతో ముందే అంటాను. ఇప్పుడు బుర్ర బాగున్నప్పుడే, రేపు తేడా వస్తే ఎలాంటి చికిత్స కావాలో, వద్దో రాసిపెట్టుకునే హక్కు, మీ తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకునే హక్కు కూడా ఆ చట్టమే ఇచ్చింది.

దీనికి తిరగేసిన ప్రశ్న పిల్లలది: "జబ్బు పేరు నాన్నకు చెప్పకండి." ఆయన అడగకపోతే నేనుగా ముఖం మీద చెప్పను. అడిగితే అబద్ధం ఆడను. ముందు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో అడిగి, అంతవరకే చెబుతాను. చాలామందికి అప్పటికే అనుమానం ఉంటుంది.

వీలునామా రాయడానికి "బుర్ర బాగుంది" అని సర్టిఫికెట్ ఇస్తారా?

పరీక్షించి, ఉన్నదున్నట్టు రాస్తాను. డిమెన్షియా పేరు పడినంత మాత్రాన వీలునామా రాసే శక్తి పోయినట్టు కాదు. తనకేం ఆస్తి ఉంది, వారసులెవరు, తాను చేస్తున్న పనికి ఫలితమేమిటి అన్నది ఆ రోజున అర్థమవుతోందా అనేది చూడాలి. ఒంటరిగా మాట్లాడతాను. రిజిస్ట్రేషన్ స్లాట్ మధ్యాహ్నం ఉందని, పొద్దున సర్టిఫికెట్ కోసం కారులో తీసుకొచ్చేవాళ్లను వెనక్కి పంపుతాను.

ఆస్తి రాయించుకుని చూడటం మానేస్తే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని 23వ సెక్షన్ కింద వెనక్కి తీసుకునే దారి కూడా ఉంది. తిట్టడం, కొట్టడం, ఏటీఎం కార్డు లాక్కోవడం జరుగుతుంటే బెంగళూరులో సిటీ పోలీసులు, నైటింగేల్స్ మెడికల్ ట్రస్ట్ కలిసి నడిపే ఎల్డర్స్ హెల్ప్‌లైన్ 1090కి చేయవచ్చు. దేశమంతటికీ ఎల్డర్‌లైన్ 14567.

"దేవుడు నన్నింకా తీసుకుపోలేదు" అంటుంటారు. పట్టించుకోవాలా?

మనవాళ్లలో అది ఊతపదం కూడా. అయినా ఒకసారి పక్కన కూర్చుని సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలాగైనా చేసుకోవాలని ఆలోచన వచ్చిందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. "అదేం లేదురా, ఊరికే అన్నా" అంటే తేలిపోతుంది. మౌనంగా ఉండిపోయినా, మాత్రలు దాస్తున్నా, ఉన్నట్టుండి నగలు పంచిపెడుతున్నా ఆ రోజు ఒంటరిగా వదలొద్దు. మాత్రల డబ్బా, ఊళ్లో అయితే పురుగుమందు, అందుబాటులో ఉంచొద్దు. టెలీ-మానస్ 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఈ సేవకు ప్రధాన కేంద్రం బెంగళూరులోని నిమ్హాన్సే. ప్రాణం మీదికొస్తే నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

అత్తగారిని చూసుకుని చూసుకుని నేనే జబ్బు పడేలా ఉన్నాను. నేను రావచ్చా?

రండి. కూతుళ్లు, కోడళ్లు, భార్యలు ఈ మాట అడగడానికే సిగ్గుపడతారు. డిమెన్షియా ఉన్న మనిషి సాయంత్రం కాగానే "మా ఇంటికి పోతా" అని చెప్పులేసుకుంటుంటే, "ఇదే కదత్తయ్యా మన ఇల్లు" అని పదిసార్లు వాదించి గొంతు పోగొట్టుకుంటారు. వాదన పెట్టుకోకుండా "సరే, కాఫీ తాగి వెళ్దాం" అని లైట్లు వేసి, ఇంకో పనిలో దించడం నేర్పిస్తాం. రెండు రోజుల్లో తేడా కనిపిస్తుంది, మీ గొంతులోనైనా. ఆడపడుచు నెలకో ఆదివారం వీడియో కాల్‌లో సలహాలు చెప్పడం ఆపి, ఆ ఆదివారం వచ్చి కూర్చోవాలని ఫ్యామిలీ మీటింగ్‌లో నేనే చెబుతాను. ఆ చెడ్డపేరు నాకే రానివ్వండి.

ఈ పనిలోకి రావాలంటే ఏం చదవాలి?

సైకాలజీలో పీజీ, ఆపైన ఆర్‌సీఐ గుర్తించిన క్లినికల్ శిక్షణ. మాలో ఎక్కువమంది రెండేళ్ల ఎంఫిల్ చేసినవాళ్లం. యూజీసీ 2022 నిబంధనలతో ఎంఫిల్‌ను ఆపేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 విద్యా సంవత్సరం దాకా గడువిచ్చింది. కోర్సుల పేర్లు మారుతున్నాయి కాబట్టి ఫీజు కట్టేముందు ఆ కాలేజీకి, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. వృద్ధుల కోసం వేరే లైసెన్స్ ఏమీ లేదు. నిమ్హాన్స్ లాంటి చోట జీరియాట్రిక్ (వృద్ధుల) విభాగంలో పోస్టింగ్ దొరికితే వదులుకోకండి. జీతం పిల్లల విభాగంలో పనిచేసేవాళ్లకంటే ఎక్కువేం ఉండదు, పైగా మన పేషెంట్లు చనిపోతారు. దానికి సిద్ధపడి రండి. కన్నడ నేర్చుకోండి, రాయలసీమ యాస, కోస్తా యాస రెండూ చెవికి పట్టించుకోండి.

మొదటిసారి వచ్చేటప్పుడు ఏం తేవాలి?

వేసుకునే మందులన్నీ, చీటీలు కాదు, మాత్రల పట్టీలతో సహా ఒక సంచిలో. ఆయుర్వేదం, హోమియో, పక్కింటివాళ్లిచ్చిన నిద్రమాత్ర కూడా. కళ్లజోడు, చెవి మిషన్, పళ్లసెట్టు. పాత రిపోర్టుల్లో రక్తపరీక్షలు, మెదడు స్కాన్ చాలు. రోజూ దగ్గరుండి చూసే మనిషి రావాలి, వారానికోసారి ఫోన్ చేసే కొడుకు కాదు. మాట్లాడటం వరకు వీడియో కాల్‌లోనూ కుదురుతుంది, జ్ఞాపకశక్తి పరీక్షలకు మాత్రం ఎదురుగా ఉండాలి. రాత్రంతా శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని వచ్చిన పెద్దాయనను స్టేషన్ నుంచి నేరుగా పరీక్షకు తీసుకురాకండి. ఒక రాత్రి ఇంట్లో పడుకోనిచ్చి, మర్నాడు టిఫిన్ తినిపించి, మాత్రలు వేయించి పది గంటలకు తీసుకురండి.